ఊ… తర్వాత?

మా మనవడికి ఎనిమిదేళ్లు. మొన్న రాత్రి అన్నాలయ్యాక మంచమెక్కి, ఇద్దరం హెలెన్ కెల్లర్ బొమ్మల పుస్తకం ముందేసుకున్నాం. అట్ట మీద ‘అంధత్వాన్నీ బధిరత్వాన్నీ జయించిన వీరవనిత’ అని ఇంతింత అక్షరాలు. అంతా విని వాడు, “అయితే తాతయ్యా, చివరికి ఆవిడకి కళ్లొచ్చాయా?” అన్నాడు.

రాలేదురా అన్నాను.

“మరి జయించింది అని రాశారుగా!”

మీరైతే ఏం చెప్పేవారో గానీ నాకు నోట మాట రాలేదు. 19 నెలల పసిగుడ్డుగా ఉన్నప్పుడు జబ్బుతో పోయిన చూపూ వినికిడీ, 1968లో 87 ఏళ్లకి చనిపోయేదాకా ఆవిడకి తిరిగి రాలేదు మరి. నన్ను కాపాడటానికే అన్నట్టు సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. ఇన్వర్టర్ లేదా అంటారేమో, ఉంది. దాని బ్యాటరీకి ఇంచుమించు నా వయసే.

“ఊ కొడతాను, నోటితో చెప్పు” అన్నాడు.

చెప్పాను. అమెరికాలో అలబామా రాష్ట్రం, టస్కంబియా ఊరు. 1887 మార్చిలో హెలెన్ వాళ్లింటికి ఆనీ సలివన్ అనే పంతులమ్మ వచ్చింది. 20 ఏళ్ల పిల్ల. బీదల శరణాలయంలో పెరిగి, ఆపరేషన్ల మీద ఆపరేషన్లతో కాస్తంత చూపు దక్కించుకుని, బోస్టన్‌లో పెర్కిన్స్ అంధుల బడిలో చదువుకున్న మనిషి. ఒక్కో అక్షరానికి వేళ్లు ఒక్కో తీరుగా ముడిచి హెలెన్ అరచేతిలో పెట్టేది. నాకా వేళ్ల భాష రాదు కనక, మావాడి అరచెయ్యి లాక్కుని ‘నీళ్లు’ అని తెలుగులోనే వేలితో రాశాను. ‘ళ్లు’ దగ్గరికొచ్చేసరికి కితకితలకి మెలికలు తిరిగిపోయాడు.

నిజానికి హెలెన్‌కీ మొదట అదొక ఆటే. బొమ్మ చేతికిచ్చి ఆ మాట వేళ్లతో చెబితే తనూ అలాగే వేళ్లు తిప్పేది. అది ఆ వస్తువు పేరని తెలియదు. కప్పుకీ అందులోని నీళ్లకీ తేడా పట్టుబడక చిరాకు పడేది. ఏప్రిల్ 5న ఆనీ ఆ పిల్లని పంపు దగ్గరికి తీసుకెళ్లింది. ఒక చేతి మీద చల్లటి నీళ్లు, రెండో చేతిలో నీళ్లన్న మాట. అప్పుడు అందింది, ప్రతిదానికీ ఓ పేరుంటుందని. కొన్ని గంటల్లోనే 30 మాటలు నేర్చేసుకుంది.

“ఊ… తర్వాత?”

చూశారా, పుస్తకం చేతులెత్తేసేది ఇక్కడే. పంపు తర్వాత ఒక్క పేజీలో 1904లో డిగ్రీ పట్టా, ఆపైన మనందరికీ ఆదర్శం, శుభం. ఆ పంపు దగ్గర పిల్లకి ఇంకా ఏడేళ్లు నిండలేదు. ఆ తర్వాత 81 ఏళ్లు బతికిందండీ ఆవిడ!

పేదరికం వల్లా, కార్ఖానా ప్రమాదాల వల్లా ఎంతమంది కళ్లు పోతున్నాయో తెలుసుకుంది. 1909లో సోషలిస్టు పార్టీలో చేరింది. అంతకుముందు ఆమె తెలివిని ఆకాశానికెత్తిన ఓ సంపాదకుడు, పాపం లోపాలున్న మనిషి, పొరబడింది అని రాశాడు. నా రాజకీయం తెలిశాకే ఆయనకి నా గుడ్డితనం గుర్తొచ్చింది అన్నట్టుగా ఆవిడ చురక అంటించింది. 1920 నుంచి కొన్నేళ్లపాటు వాడెవిల్ అనే వినోద ప్రదర్శనల్లో, పాటగాళ్లూ గారడీవాళ్ల మధ్య వేదికెక్కి జనం అడిగిన ప్రశ్నలకి జవాబులిచ్చింది. డబ్బు అవసరమే అందుకు కారణం. 1955లో మన దేశమూ వచ్చింది. నెహ్రూగారి ముఖం చేతులతో తడిమి చూసింది.

ఇంకొకటుంది. వాడికి చెప్పలేదు గానీ మీకు చెబుతాను. 1916లో ఆమె తన కార్యదర్శి పీటర్ ఫేగన్‌ని పెళ్లి చేసుకోవాలనుకుంది. ఇంట్లోవాళ్లు సాగనివ్వలేదు. 36 ఏళ్ల మనిషి, ప్రపంచమంతా మెచ్చిన మనిషి! ఆ ఇంట్లో ఆవిడకి అడ్డుపడింది గుడ్డితనమూ కాదు, చెవుడూ కాదు. జయించిన వీరవనిత అని అట్ట మీద వేసేటప్పుడు ఇలాంటివి ఇబ్బంది మరి. 2009లో వాషింగ్టన్ పార్లమెంటు భవనంలో అలబామా తరఫున ఆమె విగ్రహం పెట్టారు. అక్కడా ఏడేళ్ల పిల్లే, పక్కన పంపే.

కరెంటొచ్చింది. వాడు పుస్తకం ముందుకీ వెనక్కీ తిరగేసి, “నువ్వు చెప్పినవేవీ ఇందులో లేవే?” అన్నాడు.

“పేజీలు చాల్లేదేమోరా” అన్నాను.

“పంపు బొమ్మ రెండు పేజీలకి వేశారుగా!”