మహేంద్రగిరికి ముందు ఉద్దానం

తూర్పు కనుమల్లోని ఉన్నత శిఖరాలలో ఒకటైన మహేంద్రగిరి ఎత్తు 1,501 మీటర్లు. శిఖరం ఒడిశాలోని గజపతి జిల్లాకు చెందినదే అయినా, ఇటువైపు కొండవాలులు శ్రీకాకుళం జిల్లా మందస మండలపు సవర గ్రామాల దాకా దిగివస్తాయి. మా తొలి కొండపరుగుకు ఎంచుకున్న గమ్యం అదే.

విశాఖపట్నంలో ఉంటూ ఆరు నెలలు సాధన చేశాము. ఫజ్ర్ నమాజు ముగియగానే సాగరతీరపు చదును రోడ్డుపై పరుగు, వారానికి రెండు రోజులు అపార్టుమెంటు మెట్లు, ఆదివారం కైలాసగిరి, శుక్రవారం విశ్రాంతి. కొండ ఎక్కడం ఊపిరిని పరీక్షిస్తే, దిగడం తొడ కండరాలను పరీక్షిస్తుంది. దిగేటప్పుడు కండరం సాగుతూనే శరీరపు బరువును ఆపవలసి ఉంటుంది. అందుకే మెట్లు దిగడాన్ని కూడా సాధనగానే భావించాము. పక్కవారితో ఒక పూర్తి వాక్యం మాట్లాడగలిగినంత వేగమే మా హద్దు.

చివరి విడత సాధనకు జనవరిలో ఉద్దానం చేరుకున్నాము. టెక్కలి సమీపంలోని తేలినీలాపురంలో చెట్ల నిండా పెలికాన్లు, ఎర్రకాళ్ల కొంగలు. అక్కడి నుండి పలాస మీదుగా, జీడిపప్పు కర్మాగారాలు దాటి, మహేంద్రతనయ నది సముద్రంలో కలిసే బారువ వరకు ప్రయాణించాము. 'ఉద్యానవనం' అన్న మాటే 'ఉద్దానం' అయిందంటారు. 2018 అక్టోబరు 11న వచ్చిన తిత్లీ తుపాను ఇక్కడి కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చింది. కూలిన చోటనే నాటిన మొక్కల మధ్య ఇసుక బాటలపై పరుగెత్తాము.

ఈ పచ్చదనం వెనుక మూత్రపిండాల వ్యాధి దాగి ఉంది. దానికి ఇదే కారణమని శాస్త్రజ్ఞులు నేటికీ తేల్చలేదు. తాగునీరు, ఎండలో పని వలన ఒంట్లో నీరు తగ్గడం, నొప్పి మాత్రల వాడకం వంటివన్నీ పరిశీలనలో ఉన్నాయి. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయం నుండి వంశధార నీటిని గొట్టాల ద్వారా ఈ గ్రామాలకు అందించే పథకం కూడా అప్పుడే మొదలైంది.

కొండపరుగు నేర్చేవారికి ఇందులో పెద్ద పాఠమున్నది. దాహంతో ఉన్న శరీరంలో నొప్పి మాత్ర మూత్రపిండాలకు రక్తప్రసారాన్ని తగ్గిస్తుంది. నొప్పిని అణచి పరుగెత్తడం ధైర్యం కాదు. మేము వినోదానికై చిందించే చెమటను ఇక్కడి కూలీ కుటుంబం కూటికై చిందిస్తున్నది. మేము అలసితే ఆగగలము. వారికి ఆ వెసులుబాటు లేదు.

హజ్రత్ హాజిరా (అ.స.) సఫా, మర్వా కొండల మధ్య ఏడుమార్లు పరుగెత్తినది పసిబిడ్డ ఇస్మాయీల్ (అ.స.) దాహం తీర్చే నీటి కోసమే. హజ్, ఉమ్రాలలో చేసే సయీ ఆ తల్లి పరుగుకు స్మారకం. కొండకూ పరుగుకూ నీటికీ ఉన్న ఆ బంధం ఉద్దానంలో మరింత స్పష్టంగా తెలిసివచ్చింది.

ఆరోగ్యం అల్లాహ్ మనకప్పగించిన అమానతు. మూత్రపిండాల వ్యాధి మొదట్లో ఏ లక్షణమూ చూపకపోవచ్చు. కనుక ఇంటి పెద్దలకు ఏడాదికొకసారి రక్తంలో క్రియాటినిన్ పరీక్ష చేయిద్దాము. ఎండలో పనిచేసే ప్రతి మనిషికీ మంచినీరు, కాసింత నీడ, కాసేపు విశ్రాంతి కల్పిద్దాము. వ్యాధిగ్రస్తులందరికీ అల్లాహ్ స్వస్థత ప్రసాదించుగాక! ఆమీన్.