చెట్టు నీడ లెక్క

మొన్న ఆదివారం మా రూమోళ్లం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు ఏరుతున్నాం. ఆశ్రమ పాఠశాలలో పది చదివే మా ఊరి చెల్లె టీచర్ ఫోన్ నుంచి మాట్లాడింది.

"ఇప్పచెట్టు ఎక్కకుండనే ఎత్తు చెప్పినం అన్నా! మీటరు కర్రకు అర మీటరు నీడ. చెట్టు నీడ 6 మీటర్లు. అంటే చెట్టు 12."

సరూప త్రిభుజాలు! అదే చెట్టు ఆకు ఎండతో తిండి ఎట్ల తయారుచేసుకుంటదో సైన్స్‌ల చెప్పిన్రట. రాత్రి ఇవన్నీ చిన్నపిల్లలకు గోండిలో చెప్తదట. 1940లలో హైమెన్‌డార్ఫ్ మార్లవాయిలో గోండి బడి పెట్టించిండు. మా దాకా వచ్చేసరికి గైడే మిగిలింది, బట్టీ కొట్టి పాసైనం.

"కాలేజీల మీరేం నేర్చిన్రు? గోండిలో చెప్పున్రి" అన్నది. నోరు పెగల్లే.

పుస్తకాలు అక్కడే పెట్టి నాంపల్లి పబ్లిక్ గార్డెన్‌కు నడిచినం. కర్ర దొరకలే. గొడుగు నిలబెట్టి నీడ కొలుస్తుంటే వాచ్‌మన్ వచ్చి, "ఏం పోగొట్టుకున్నరు?" అని అడిగిండు.