బావగారి బండికి వెనక చూపు

రిటైరయ్యాక అక్కా బావగారూ డాలస్ దగ్గర ఒక పాత మోటార్‌హోమ్ కొన్నారు. 2003లో తయారైన బండి, పొడవు 34 అడుగులు. లోపల మంచం, పొయ్యి, ఫ్రిజ్, స్నానాల గది అన్నీ ఉన్నాయి. వెనక అద్దం మాత్రం లేదు. డ్రైవరు సీట్లోంచి తల తిప్పి చూస్తే కనపడేది పడకగది గోడే. అందుకని ఇలాంటి చాలా బళ్లకు వెనక పైభాగాన ఒక కెమెరా, ముందు డాష్‌బోర్డు మీద చిన్న మానిటర్ తయారీలోనే బిగించి ఇచ్చేవాళ్లు. రివర్స్ గేరులోనే కాదు, రోడ్డు మీద పోతున్నంతసేపూ అది వెలుగుతూనే ఉంటుంది. వెనక చిన్న కారును కట్టుకుని లాక్కెళ్లేవాళ్లకు ఆ కారు సరిగ్గా వస్తోందో లేదో చెప్పేది అదొక్కటే.

ఆ మానిటర్ పిక్చర్ ట్యూబుది. ఒకరోజు తెర మధ్యలో సన్నని తెల్లగీత మిగిల్చి, తర్వాత అది కూడా లేకుండా చీకటైపోయింది. మోటార్‌హోములు బాగుచేసే షాపులో చూపిస్తే, కెమెరా, వైరు, మానిటర్ మొత్తం మార్చాల్సిందేనన్నారు. పాత వైరు బండి పైకప్పులో ఈ చివరి నుంచి ఆ చివరికి పోతుంది కాబట్టి, దాన్ని లాగి కొత్తది వెయ్యడానికే కూలీ ఎక్కువవుతుందట.

“ఏమోయ్, చచ్చింది మానిటర్ కదా, కెమెరాని ఎందుకు పారెయ్యాలి?” అన్నారు బావగారు. ఆ ప్రశ్న నాకు నచ్చింది. చదువుకునే రోజుల్లో బెజవాడలో ఒక టీవీ మెకానిక్ దగ్గర సెలవులన్నీ గడిపినవాణ్ణి. అమెరికా నుంచి తెచ్చిన వీసీఆర్లు మన టీవీల్లో రంగులు చూపించక జనం ఆ షాపుకు మోసుకొచ్చేవాళ్లు. అక్కడిది 525 గీతల ఎన్‌టీఎస్‌సీ, మనది 625 గీతల పాల్ అని అప్పుడే తెలిసింది. బావగారి బండి కెమెరా పంపేదీ ఆ పాత ఎన్‌టీఎస్‌సీ బొమ్మే. ఇప్పుడొచ్చే మానిటర్లు చాలావరకు దాన్ని ఇంకా తీసుకుంటాయి. కలవనిది ప్లగ్గు ఒక్కటే.

పాత మానిటర్ వెనక గుండ్రటి సాకెట్టు, దాన్నిండా పిన్నులు. ఏ పిన్ను ఏమిటో చెప్పే కాగితం లేదు. కానీ బొమ్మ పోయినా ఆ మానిటర్ కెమెరాకు కరెంటు పంపుతూనే ఉంది. వైరు ఊడదీసి స్విచ్ వేసి, మల్టీమీటర్ నల్లతీగ బయటి లోహానికి ఆనించి, ఎర్రతీగతో ఒక్కో పిన్నూ చూశాం. ఒకచోట 12 వోల్టులు పలికింది. అది కెమెరాకు తిండి. తర్వాత స్విచ్ ఆపేసి, మీటరును ఓముల్లో పెట్టి మిగతావి కొలిచాం. వీడియో అందుకునే చోట లోపల 75 ఓముల రెసిస్టరు ఉంటుంది; ఆ అంకె దగ్గర పలికిన పిన్నే బొమ్మది. ఇంకొకటి కెమెరాలోని మైకుది. తీగల రంగులు చూసి నిర్ణయించకూడదు. 12 వోల్టులు పొరపాటున వీడియో తీగలోకి పోతే మానిటర్‌లో బొమ్మ అందుకునే భాగం కాలిపోవచ్చు.

డాష్‌బోర్డు విప్పకముందే కెమెరా బతికుందో లేదో తేల్చుకోవాలనుకున్నాం. నిచ్చెన వేసుకుని వెనక్కి ఎక్కాను. ఒక చిన్న 12 వోల్టుల బ్యాటరీ, మధ్యలో ఫ్యూజు, పసుపు సాకెట్టున్న ఒక పాత చిన్న టీవీ. తీగలు కలపగానే తెరమీద ఇంటి ముందు దారి, పోస్టు డబ్బా, నడుం మీద చేతులు పెట్టుకుని మావైపే చూస్తున్న అక్క. ఎండ మెరుపు పడ్డచోట నిలువుగా ఒక తెల్లచార. అది సీసీడీ కెమెరాల లక్షణం, జబ్బు కాదు. బావగారు కింద నుంచి “ఉంది, ఉంది!” అని అరిచారు. ఇన్నేళ్లు ఎండకూ వడగళ్లకూ ఓర్చుకున్న ఆ కెమెరా మీద నాకు నిజంగా గౌరవం కలిగింది.

కొత్త మానిటర్ ఏడంగుళాలది. దాని పసుపు సాకెట్టు బొమ్మ తీసుకుంటుందే కానీ కెమెరాకు కరెంటు ఇవ్వదు. అందుకని డాష్‌బోర్డు కింద చేతికందిన 12 వోల్టుల తీగను కెమెరాకు ఇచ్చాం. అది బండి లోపలి ఇంటి సామాన్లను నడిపే బ్యాటరీది; మానిటర్‌కు ఇచ్చింది ఇంజిను బ్యాటరీది. ఇంజిను ఆపి ఉన్నప్పుడు బొమ్మ అద్దంలా ఉంది. స్టార్ట్ చేయగానే అడ్డంగా చారలు పైకి పాకాయి. రెంటికీ ఒకే ఫ్యూజు నుంచి కరెంటు, ఒకే బోల్టు దగ్గర ఎర్తు ఇచ్చాం. చారలు పోయాయి.

అక్కను వెనక నిలబెట్టి కుడిచెయ్యి ఊపమన్నాం. తెరమీద ఎడమవైపు ఊగింది. పాత కెమెరా బొమ్మను తనే అద్దంలోలా తిప్పి పంపుతోంది. కొత్త మానిటర్ దాన్ని మళ్లీ తిప్పుతోంది. మెనూలో ఆ తిప్పుడు ఆపేస్తే సరిపోయింది. బొమ్మ కనపడగానే సంబరపడి వదిలేస్తే, రివర్సులో స్టీరింగు తప్పువైపు తిరిగేది. దూరం చూపడానికి మానిటర్ గీసే రంగుగీతలు కూడా ఈ కెమెరాకు లెక్కగట్టినవి కావు. వాటినీ తీసేశాం.

బావగారి పట్టుదలకు కారణం రెండేళ్ల మనవడు. 2002లో న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలండ్‌లో కామెరన్ గుల్‌బ్రాన్సెన్ అనే రెండేళ్ల పిల్లవాడు తండ్రి వెనక్కి తీస్తున్న బండి కింద పడి చనిపోయాడు. ఆ తండ్రి పిల్లల డాక్టరు. ఆ పిల్లవాడి పేరుతోనే 2008లో చట్టం వచ్చింది. దాని ప్రకారం 2018 మే నుంచి అమెరికాలో అమ్మకానికి తయారయ్యే కొత్త కార్లన్నిటికీ వెనక కెమెరా తప్పనిసరి అయింది. అయితే అది 10,000 పౌన్లు, అంటే సుమారు 4,500 కిలోల లోపు బళ్లకే. బావగారిది అంతకన్నా చాలా బరువు. అసలు వెనక ఏమీ కనపడని బండిని ఆ నియమం వదిలేయడం నాకు న్యాయంగా తోచదు.

ఇంత చేసినా అక్క వెనక నిలబడడం మానలేదు. బెజవాడ ఆటోనగర్ లారీ క్లీనర్ల గొంతుతో “రానీ, రానీ... హోల్డాన్!” అంటుంది. మానకూడదు కూడా. కెమెరా చూడని మూలలు ఉంటాయి.

మీకూ ఇలాంటి పాత బండి ఉంటే, మానిటర్ కొనేముందు అది ఎన్‌టీఎస్‌సీ బొమ్మ తీసుకుంటుందో లేదో వివరాల్లో చూడండి. కొన్ని కొత్త రకాలు ఏహెచ్‌డీ అనే హై డెఫినిషన్ బొమ్మ మాత్రమే తీసుకుంటాయి. తర్వాత ఒక బ్యాటరీ, ఒక చిన్న టీవీతో కెమెరాను అక్కడికక్కడే పరీక్షించండి. బొమ్మ వస్తే, పాత వైరును ఎవరిచేతా పీకించకండి.