మూలలు అరిగిన బోల్టు



సంఘం వ్యాను రెండు ఆదివారాలుగా ఎందుకు రావడం లేదని పల్లెల నుండి వచ్చేవారు అడుగుతున్నారు. ఆటోకు డబ్బులు పెట్టుకొని వచ్చినవారికీ, ఎండలో నడిచి వచ్చిన పెద్దవారికీ మేము జవాబు చెప్పాలి. ఒక్క ముక్కలో చెప్పాలంటే, ఒక బోల్టు. బొటనవేలంత కూడా లేదు. షెడ్డులో వరుస కోసం, సామాను కోసం కొన్ని రోజులు పోయాయి. ఆ బోల్టు ఒక్కటి ఊడి రావడానికే నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ పక్కన కూర్చుని చూసినవీ విన్నవీ మీతో పంచుకోవాలని ప్రభువు మమ్మల్ని ప్రేరేపించాడు.

మనది మారుతీ ఓమ్ని. ఈ రకం బండి 1984లో మారుతీ వ్యాను అనే పేరుతో వచ్చింది. 2019లో తయారీ ఆపేశారు. ఇంజను ముందు సీట్ల కిందే ఉంటుంది. ఆ సంగతి వేసవిలో ముందు సీటులో కూర్చున్నవారికి మేము చెప్పనక్కరలేదు. సైలెన్సరు పైపు ఇంజనుకు కలిసేచోట సందు పడితే, ఆ పొగ సగం రోడ్డు మీదికి పోయినా సగం మనం కూర్చున్న చోటికే వస్తుంది. కంటికి కనిపించే పొగైతే అద్దాలు దించుకుంటాం. కానీ అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ లేదు, వాసనా లేదు. రక్తంలో ఆక్సిజన్ ఉండవలసిన చోటును అది ఆక్రమిస్తుంది. మొదట తలనొప్పి, ఆ తర్వాత మత్తు. మోతాదు పెరిగితే ఆ మత్తులోనే ప్రాణం పోతుంది. ఆదోని కూటాల నుండి రాత్రి తిరిగి వచ్చాక, పిల్లలిద్దరికీ తల పగిలిపోతోందంటున్నారని ఒక తల్లి చెప్పింది. ఆ మరునాడే తాళం మా దగ్గర పెట్టుకున్నాం.

ఎం-సీల్ పూసి, రేకు చుట్టి నడిపిద్దామని ఒకరిద్దరు పెద్దలు అన్నారు. సంఘం డబ్బు దుబారా కాకూడదని వారి ఆలోచన, దాన్ని మేము గౌరవిస్తాం. కానీ సైలెన్సరు వేడికి ఎం-సీల్ నిలవదు. అతుకు దగ్గర ఉండే ప్యాకింగు మార్చాలి. ప్యాకింగు ఖరీదు పెద్ద లెక్కలోకి రాదు. దాన్ని మార్చాలంటే రెండు బోల్టులు విప్పాలి. ఒకటి వచ్చింది. రెండోది రాలేదు.

కొడుమూరు రోడ్డు పక్కన షెడ్డున్న పెద్ద మేస్త్రీని మీలో చాలామందికి తెలుసు. మమ్మల్ని పాస్టర్ సాబ్ అంటారు. రంజాను నెలలో తాము ఉపవాసం ఉండి కూడా మన పిల్లలకు మంచినీళ్ళు తెప్పించే మనిషి. టార్చి పట్టుకొని బండి కింద దూరారు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఎవరో దీన్ని ముందే చెరిపినారు సాబ్" అన్నారు.

బోల్టు తలకు ఆరు మూలలుంటాయి. పానా పట్టుకునేది ఆ మూలలనే. ఈ బోల్టుకు 14 మిల్లీమీటర్ల పానా సరిపోవాలి. ఇంతకుముందు ఎవరో పాత జీపుల పానా, అంగుళాల లెక్కది, 9/16 పానా వేసి తిప్పారట. అంగుళానికి 25.4 మిల్లీమీటర్లు, కాబట్టి 9/16 అంటే 14.29. తేడా మిల్లీమీటరులో మూడో వంతు కూడా లేదు. చేతికి సరిపోయినట్టే ఉంటుంది. గట్టిగా ఒత్తేసరికి జారుతుంది, జారిన ప్రతిసారీ మూలను కొంచెం గొరుగుతుంది. నాలుగైదుసార్లు జారాక తల గుండ్రమవుతుంది. ఆ తర్వాత సరైన పానా తెచ్చినా పట్టు దొరకదు. ఆ పని ఏ ఊళ్ళో ఎవరు చేశారన్నది ఇక్కడ అవసరం లేదు. చేసిన మనిషి చెడగొట్టాలని చేసి ఉండడు. చేతిలో ఉన్న పానా వేశాడు, అంతే.

మరి బోల్టు అంత బిగుసుకుపోవడం ఎందుకు? ఈ బండి కర్నూలులో కొన్నది. 2009 అక్టోబరులో పట్టణం మునిగినప్పుడు వరద నీళ్ళలో నిలబడిందని అమ్మినవారు దాచకుండా చెప్పారు. ఇనుము తుప్పుగా మారితే ముందుకంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది. మరల సందులో ఆ పెరగడానికి చోటేది? అందుకని అక్కడే ఒత్తుకొని, బోల్టునూ నట్టునూ ఒకే ముద్ద చేసేస్తుంది. పైపెచ్చు సైలెన్సరు దగ్గరది రోజూ కాలుతుంది, చల్లారుతుంది. బయటినుండి చూస్తే మామూలు బోల్టే.

మొదటి రోజు మేస్త్రీ చేసింది ఇంతే. తీగల బ్రష్‌తో మట్టీ తుప్పూ రుద్ది, డీజిల్లో కొంచెం ఇంజనాయిలు కలిపి పోసి, "రేపు రండి" అన్నారు. మన యవనస్థులలో ఒకడికి ఓపిక లేకపోయింది. పానాకు పొడుగాటి పైపు తగిలించి తిప్పుతానన్నాడు. మేస్త్రీ నవ్వి, "పైపు వేస్తే బలం నీకు పెరుగుతుందప్పా, బోల్టు తలకు పెరగదు" అన్నారు. తల తెగితే మిగతాది లోపలే ఉండిపోతుంది. అప్పుడు డ్రిల్లు వేసి తీయాలి. దానికి వేసే ఎక్స్‌ట్రాక్టరు చాలా గట్టి ఉక్కు. అది లోపల విరిగిందంటే మామూలు డ్రిల్లు దాన్ని కొరకలేదు. బోల్టుతో పోయేది మొత్తం భాగానికి వస్తుంది.

అంగట్లో దొరికే డబ్ల్యూడీ-40 డబ్బా మీద ఆ 40 ఏమిటో తెలుసా? 1953లో అమెరికాలో తేమను తోలివేసే మందు కోసం ప్రయత్నించినవారికి 40వ మిశ్రమం కుదిరిందట, ఆ లెక్కే పేరయింది. మన మేస్త్రీ మాత్రం డీజిలుకే ఓటు వేస్తారు. ఏది పోసినా మర లోపలికి దిగడానికి గంటలు పడుతుంది, దాన్ని తొందరపెట్టే మార్గం లేదన్నారు.

రెండో రోజు చిన్న సుత్తితో బోల్టు తల మీద నిదానంగా తట్టారు. పెద్ద దెబ్బలు కావు. ఆ అదురుకు తుప్పు పగిలి, నూనె ఇంకొంచెం లోపలికి పోతుంది. ఆ తర్వాత వైస్ ప్లయరుతో పట్టి, విప్పే వైపుకు బదులు ముందు బిగించే వైపుకు ఒక వెంట్రుకంత తిప్పి చూశారు. మాకు ఆశ్చర్యమేసింది. ఎటు కదిలినా సరే, ముందు పట్టు విడవాలట. కదల్లేదు. మళ్ళీ నూనె, మళ్ళీ "రేపు రండి".

మూడో రోజు కొంచెం చిన్న సైజు సాకెట్టును సుత్తితో కొట్టి తలకు ఎక్కించారు. జారింది. అంతే, ఆపేశారు. ఇంకోసారి ప్రయత్నించలేదు. ఆ ఆపడమే మాకు అన్నిటికంటే గుర్తుండిపోయింది.

టీ తాగుతూ ఇంకో మాట చెప్పారు. పాత విల్లీస్ జీపులకు ఎడమవైపు చక్రాల నట్లు తిరగేసిన మరతో ఉండేవి. లోకంలో అన్ని నట్లూ విడిపోయే వైపుకు తిప్పితే అవి ఇంకా బిగుసుకుంటాయి. తెలియని పిల్లలు ఎగిరెగిరి పానా మీద తొక్కి స్టడ్లు తెంచేవాళ్ళట. సైకిలు ఎడమ పెడలు కూడా అంతే, కావాలంటే ఇంట్లో చూడండి.

నాలుగో రోజు వెల్డింగ్ మనిషి వచ్చాడు. బ్యాటరీ వైరు తీసి, పెట్రోలు ట్యాంకు వైపు తడి గోనెసంచులు కప్పి, ఇసుక బకెట్టు దగ్గర పెట్టుకొన్నారు. అరిగిన తల మీద కొత్త నట్టు ఒకటి పెట్టి, దాని మధ్య రంధ్రంలో వెల్డింగ్ చేశారు. పోయిన మూలలకు బదులు ఆరు కొత్త మూలలు వచ్చాయి. ఆ వేడికి లోపలి తుప్పు పట్టు కూడా సడలింది. కొంచెం చల్లారనిచ్చి పానా వేశారు. కిర్రుమని ఒక చప్పుడు. సగం చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి, మళ్ళీ నూనె. అలా పది నిమిషాలకు బోల్టు అరచేతిలోకి వచ్చింది. కొత్త బోల్టుకు రాగి గ్రీజు పూసి, ఇత్తడి నట్టు వేశారు. మళ్ళీ ఎప్పుడైనా విప్పవలసిన మనిషికి కష్టం కాకూడదని.

ప్రసంగి గ్రంథం 10వ అధ్యాయం 10వ వచనం ఈ వారం ఇంట్లో తీసి చదవండి. మొద్దుబారిన ఇనుముతో పనిచేసేవాడు బలం ఎక్కువ పెట్టవలసి వస్తుందని సొలొమోను అక్కడ చెబుతున్నాడు. షెడ్డులో కూర్చున్న ఆ రోజుల్లో ఆ వచనం మా మనసులో తిరుగుతూనే ఉంది. దానితోపాటు మన సంఘంలోని ఒక ఇల్లు కూడా.

ఈ సంగతి రాయడానికి ఆ ఇంటి యజమానిని అడిగాము. "రాయండి అయ్యగారూ, పేరు మాత్రం వద్దు" అన్నాడు. ఆయన కొడుకు చనిపోయి ఏడాదిన్నర దాటింది. మనమందరం ఉపవాసముండి ప్రార్థించిన బిడ్డే. ఆ తర్వాత ఆ ఇంటివారు ఆరాధనకు రావడం మానేశారు. వారిని మళ్ళీ తీసుకురావాలని ప్రేమతోనే చాలామంది వెళ్ళారు. ఒకరు దేవుని చిత్తమన్నారు. ఒకరు విశ్వాసంలో ఎక్కడో లోపం ఉందేమో చూసుకోమన్నారు. ఎమ్మిగనూరు నుండి వచ్చిన ఒక సహోదరుడు, తన బిడ్డ చావు అంచుల నుండి ఎలా లేచాడో గంటసేపు సాక్ష్యం చెప్పాడు. ఆ సాక్ష్యం నిజం. మన మందిరంలో దాన్ని విని కన్నీళ్ళు పెట్టనివారు లేరు. అదే సాక్ష్యం ఆ తండ్రి గుండెలో ఏం చేసిందో ఆయన మాతో చెప్పినప్పుడు, మాకు ఆ జీపు నట్లు గుర్తొచ్చాయి. అందరినీ విప్పే మాట ఆయనను ఇంకా బిగించింది. ఇప్పుడు బైబిలు పట్టుకున్న మనిషి వీధి చివర కనిపిస్తే ఆయన వెనక వాకిలి గుండా పొలానికి వెళ్ళిపోతున్నాడు. మంచి మాట పట్టుకోవడానికి కూడా మూల మిగల్లేదు.

యోబు స్నేహితులను మనం ఎప్పుడూ తప్పుబడతాం. కానీ వాళ్ళు వచ్చిన మొదటి ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు యోబు పక్కన నేలమీద కూర్చుని ఒక్క మాటా మాట్లాడలేదని అదే గ్రంథం 2వ అధ్యాయం చివర రాసి ఉంది. నోరు తెరిచాకే పని చెడింది. వాళ్ళు చెప్పినవాటిలో చాలా మాటలు వేరే చోట వేరే మనిషికి సరిగ్గా సరిపోయేవే.

కాబట్టి కాపరిగా మీ అందరికీ మా మనవి. ఆ ఇంటికి ఇకమీదట ఉపదేశం చెప్పడానికి ఎవరూ వెళ్ళవద్దు. మేమూ వెళ్ళము. వేరుశనక్కాయలు వలిచే పని ఉంటే వెళ్ళి కూర్చోండి. పత్తి తీతకు కూలీలు దొరకడం లేదని ఆయన అన్నాడు, చేతనైనవారు రెండు రోజులు సాయం చేయండి. ఆరాధనకు ఎప్పుడు వస్తారని మాత్రం అడగవద్దు. కొడుకు సంగతి ఆయనే ఎత్తితే వినండి, మధ్యలో అందుకోవద్దు. ఎన్నాళ్ళని అడిగితే మా దగ్గర లెక్క లేదు.

ఇంకొకటి. ఆ ఇంటి అవ్వకు బుధవారం కర్నూలు పెద్దాసుపత్రిలో కంటి పరీక్ష ఉంది. ఉదయం ఆరు గంటలకు వ్యాను వాళ్ళ వాకిట్లో ఉంటుంది. పెట్రోలు ఖర్చు సంఘానిది. నడిపే తమ్ముడికి చెప్పాం, దారిలో పాటలు పెట్టవద్దని. అవ్వే పెట్టమంటే పెట్టమన్నాం.