గ్లాసులో చాయ్ కనిపిస్తుందా?

కాచిగూడ చౌరస్తాలో ఎవరినడిగినా ఒకటే మాట: శాటిలైట్‌కి పైనుంచి మన గ్లాసులో ఎంత చాయ్ మిగిలిందో కూడా కనిపిస్తుందట. ఒకసారి లెక్క చూద్దామనిపించింది.

2019 నవంబర్ 27న శ్రీహరికోట నుంచి వెళ్లిన కార్టోశాట్-3 తిరిగేది సుమారు 509 కిలోమీటర్ల ఎత్తులో. దాని టెలిస్కోప్‌ వెడల్పు దాదాపు 1.2 మీటర్లు. రంగాపూర్‌లో ఉస్మానియా వాళ్ల 48 అంగుళాల టెలిస్కోప్‌ కూడా ఇంచుమించు అంతే. అది పైకి చూసేది, ఇది కిందికి. కాంతి ఒక అల కాబట్టి, అద్దం ఎంత నున్నగా ఉన్నా అంత ఎత్తు నుంచి పాతిక సెంటీమీటర్ల వరకే తేడా తెలుస్తుంది. స్టేషన్ ముందు ఆగిన ఆటో కనిపిస్తుంది, దాని నంబర్ కనిపించదు. రెండు మిల్లీమీటర్ల తేడా తెలియాలంటే 170 మీటర్ల అద్దం కావాలి. రాకెట్ సంగతి సరే, మా గల్లీలోనే పట్టదు.

ఆ పాతిక సెంటీమీటర్లు కూడా ఊరికే రావు. పెద్ద అద్దం, దానికెదురుగా చిన్న అద్దం, మధ్య దూరం మైక్రాన్లలో కుదరాలి. వెంట్రుక మందం డెబ్బై మైక్రాన్లుంటుంది, అంత జరిగినా బొమ్మ మసకే. ఇంకో తిరకాసు ఉంది. భూమ్మీద అద్దం తన బరువుకి తానే కాస్త వంగుతుంది, పైకెళ్లాక ఆ బరువుండదు. అందుకే దాన్ని తిప్పి తిప్పి రకరకాలుగా నిలబెట్టి లేజర్ కాంతితో కొలుస్తారు, వంపు లెక్కగట్టి తీసేస్తారు. అంటే ఇక్కడ ఎప్పటికీ కనిపించని ఆకారం కోసం ఇక్కడే సర్దాలి. నాకు భలే నచ్చింది ఇదే.

మన బ్రాంచిలో చాలామంది "మసగ్గా ఉంటే ఏఐతో షార్ప్ చేసేద్దాం" అంటారు. వాట్సాప్ డీపీకైతే ఓకే. కానీ షాద్‌నగర్‌లో దిగే ఈ బొమ్మల మీదే మ్యాపులు గీస్తారు. హుస్సేన్‌సాగర్ నాలా మన అశోక్‌నగర్ పక్కనుంచే పోతుంది. ఒడ్డున ఇల్లు నాలా లోపలుందా, బయటుందా అన్న గొడవలో అడుగు తేడా చాలు. అద్దం చూడని గోడని మోడల్ ఊహించి గీస్తే, ఆ ఇంటివాళ్లు ఎవరితో వాదించాలి?