ఆ వాల్వ్ ఎక్కడుంది?

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసివ్వమని తమ్ముళ్ళు అడిగినప్పుడు చదువు గురించో, లక్ష్యం గురించో రాద్దామనుకున్నాం. కాగితం ముందు కూర్చుంటే మాత్రం హాస్టల్ వెనక బట్టలుతికే గట్టు, దాని మీద వరసగా ఉన్న ఆరు కుళాయిలే గుర్తుకొచ్చాయి. మేము అంటే నాలుగో గదిలోని ఏడుగురం. రాస్తున్న చెయ్యి ఒకటే అయినా సంగతి ఏడుగురిదీ. మా ఇళ్ళలో డిగ్రీ పట్టా చూడటం మాతోనే మొదలు.

2017 ఫిబ్రవరి. నెల రోజుల్లో పదో తరగతి పరీక్షలు. తెల్లవారుజామున ఐదింటికి లేచేసరికి ట్యాంకులో చుక్క నీరు ఉండేది కాదు. మోటారు గది తాళం వార్డెన్ సార్ దగ్గర. సార్ వచ్చేది ఎనిమిదింటికి. తొంభై మందిమి ముఖాలు కూడా కడుక్కోకుండా స్టడీ అవర్‌లో కూర్చునేవాళ్ళం. మూడో తరగతి తమ్ముడొకడికి వేళ్ళ సందుల్లో గజ్జి లేచింది. రాత్రంతా గోక్కుంటూ ఏడ్చేవాడు. వాడి పక్కన పడుకున్న ఇద్దరికీ అంటుకుంది.

"ఒంపేదీ మీరే, నీళ్ళు లేవని అరిచేదీ మీరే" అన్నారు సార్. ఆ మాట మాకు బాగా గుచ్చుకుంది. నిజానికి గట్టు మీద మూడో కుళాయి ఎంత తిప్పినా కట్టుకోవడం లేదు. గుడ్డ చుట్టాం, సైకిల్ ట్యూబు కట్టాం. కాసేపాగి మళ్ళీ కారేది. బాగుచేసే మనిషిని పిలిపిస్తామన్నారు గానీ ఎవరూ రాలేదు.

ఒక రాత్రి మాలో లెక్కలంటే ఇష్టమున్నవాడు ఇరవై లీటర్ల బకెట్టు దాని కింద పెట్టి గడియారం చూశాడు. ఆరు నిమిషాల్లో నిండింది. అంటే గంటకు 200 లీటర్లు. రాత్రి పదింటి నుంచి నాలుగింటి దాకా 1,200 లీటర్లు. మా ట్యాంకు పట్టేది 2,000. అందరం ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. మేము పడుకున్న తర్వాత సగానికి పైగా నీళ్ళు కాలవలోకి పోతున్నాయి.

కుళాయి మార్చాలన్నా ముందు దానికొచ్చే నీళ్ళు ఆపాలి. మరి ఎక్కడ ఆపాలి? ఎవరికీ తెలియదు. మేడెక్కి చూస్తే ట్యాంకు నుంచి రెండు పైపులు దిగుతున్నాయి. ఒకటి వంటగదికి, ఇంకొకటి స్నానాల గదులకు. రెండోదాని వాల్వ్ కట్టేశాం. గట్టు మీద కుళాయి ఆగింది. దాంతోపాటు మరుగుదొడ్లలోనూ నీళ్ళు ఆగిపోయాయి. ఆ రాత్రి ఇంటర్ అన్నయ్యలు మమ్మల్ని తిట్టని తిట్టు లేదు.

మర్నాడు ఆ పైపునే పట్టుకుని కిందికి దిగాం. స్నానాల గదుల గోడ దగ్గర ఒక టీ జాయింటు. దాని నుంచి ఒక కొమ్మ మట్టిలోకి పోయింది. గట్టు తర్వాత కట్టారు కాబట్టి దాని లైను ఇదేనన్నమాట. అది గట్టు వైపు పోయే దారిలో వంటగది బూడిద పోసే కుప్ప ఉంది. పలుగు వేస్తే పైపు పగులుతుందని చేతులతోనే తవ్వాం. మూరెడు లోతున ఇటుకల గుంట, అందులో చక్రం ఊడిపోయిన గేటు వాల్వ్.

"అది గవర్నమెంటుది రా, ముట్టుకోకండి. ఏదన్నా అయితే మీ మీదికొస్తుంది" అన్నాడు వాచ్‌మన్ తాత. మా మంచికే అన్నాడు. కానీ ముట్టుకోవద్దన్న మాట వినగానే మాలో ఒకడికి వాళ్ళ అమ్మమ్మ గుర్తొచ్చిందట. ఆమె చిన్నప్పుడు ఊరి బావి దగ్గర దూరంగా నిలబడి, ఎవరైనా పైనుంచి పోస్తే దోసిలి పట్టుకునేదట. 1927 మార్చి 20న మహాడ్‌లో బాబాసాహెబ్ అంబేద్కర్ చవదార్ చెరువు నీళ్ళు దోసిలితో తాగారని మేము జయంతి సభల్లో ఎన్నోసార్లు విన్నాం. ఆ రోజు ఆ గుంటలో చేతులు పెట్టినప్పుడు అది మాకు అర్థమైంది.

వాల్వ్ కదల్లేదు. బలవంతం చేస్తే విరుగుతుందని ట్రంకు పెట్టెలోని కొబ్బరినూనె కడ్డీ చుట్టూ పోసి రాత్రంతా వదిలేశాం. పొద్దున్నే పానాతో పట్టి కొంచెం అటూ కొంచెం ఇటూ ఆడించాం. కదిలాక కుడివైపుకు ఒక్కో చుట్టూ తిప్పుకుంటూ పోయాం. కుళాయి ధార సన్నబడింది, చుక్కలైంది, ఆగిపోయింది. స్నానాల గదుల్లో మాత్రం నీళ్ళు వస్తున్నాయి.

ఆ మర్నాడు ఐదింటికి ట్యాంకులో నీళ్ళున్నాయి. ముందుగా ఆ చిన్న తమ్ముడికి స్నానం చేయించాం. తర్వాత బకెట్టు లెక్కంతా ఒక అర్జీలో రాసి వార్డెన్ సార్‌కు ఇచ్చాం. సార్ గుంట దాకా వచ్చి చూసి ఏమీ అనలేదు. వారంలో కొత్త కుళాయి వచ్చింది, ఆ వాల్వ్‌కు చక్రం కూడా వచ్చింది. గోడ మీద బాణం గుర్తు గీసి "వాల్వ్ ఇక్కడ. కుడికి తిప్పితే మూత, ఎడమకు తిప్పితే నీళ్ళు" అని మేమే రాశాం.

తమ్ముళ్ళారా, కుళాయి బాగుచేయించడం హాస్టల్ నడిపేవాళ్ళ బాధ్యతే. అది అడిగి తీరాలి. అయితే వాళ్ళు వచ్చేదాకా నీళ్ళు ఆగవు కదా! కాబట్టి మీ హాస్టల్లో ప్రతి పైపూ ఎక్కడ మొదలై ఎక్కడికి పోతుందో ఒక ఆదివారం నడిచి చూడండి. పిడి ఉన్న బాల్ వాల్వ్ అయితే పిడి పైపు వెంబడి ఉంటే నీళ్ళు పోతున్నట్టు, అడ్డంగా ఉంటే ఆగినట్టు. వాల్వ్ తుప్పు పట్టకుండా అప్పుడప్పుడు తిప్పుతూ ఉండండి. అర్జీ రాస్తే అంకెలతో రాయండి.

మా ఏడుగురిలో ఒకడు ఐటీఐలో చేరి ఇప్పుడు పైపుల పనే చేస్తున్నాడు. పీజీ హాస్టల్‌కు వచ్చిన మొదటి రోజు గదిలో సామాను పెట్టి, ముందుగా వెతికింది మాత్రం వాల్వే.