నొప్పి తగ్గిందని

మా వాకిట నిలిస్తే పళని కొండ కనబడుతుంది. మోకాలి నొప్పితో అవ్వ మెట్లెక్కి మూడేండ్లయింది. చర్మానికి పట్టీలంటించి సన్నగా కరెంటు పంపే చిన్న మిషనొకటి కొని తెచ్చినాము. అరగంటలో నొప్పి తగ్గింది. మరునాడే అవ్వ కొండ మెట్లెక్కింది. దిగేసరికి మోకాలు వాచిపోయింది. వద్దనని తప్పు మాదే.

చర్మానికి తగిలే స్పర్శ నొప్పి కబురును వెన్నుపాములోనే అడ్డగించగలదని 1965లో మెల్జాక్, వాల్ అనే శాస్త్రజ్ఞులు ప్రతిపాదించినారు. యీ మిషను పని అంతే. అరిగిన కీలును అది బాగుచేయదు.

ఇప్పుడు నొప్పి తగ్గిన వేళ, డాక్టరు చెప్పినట్లు, అవ్వ కుర్చీలో కూర్చుండి కాలు చాచి వ్యాయామం చేస్తున్నది. గుండెకు పేస్‌మేకరున్న తాతను మాత్రం మిషను తాకనివ్వము. కొండకా? అందరమూ వించిలోనే పోతున్నాము.